తెగని తులసిమాల

2024 ఫిబ్రవరి 6, మంగళవారం

సాయంత్రం హరికృష్ణ ఫోన్ చేశాడు. ఎప్పుడూ ఆదివారం చేసేవాడు మంగళవారం చేశాడంటేనే ఏదో అయిందనుకున్నాను.

ఫౌజులో వాళ్ళ మేజర్ అతని చెంప మీద కొట్టాడట. తన పిల్లల్ని జాతరకు తీసుకుపొమ్మని మేజర్ అంటే, ‘సాబ్, బండికి బ్రేకులు సరిగ్గా పడటం లేదు, ఈ కొండ దారిలో పిల్లల్ని ఎక్కించుకుని పోలేను’ అన్నాడట. ఆయన పిల్లల ప్రాణం గురించి చెప్పినందుకు ఆయన ఇచ్చిన బహుమానం అది.

“మామా, చెవిల గుయ్యిమని ఒక్కటే మోత. ఎడమ చెవికి ఏం ఇనవడ్తలేదు. కుడి దిక్కు పెట్టుకొని మాట్లాడ్తాన.”

“ఇంకేం జేసిండ్రా?”

“ఇంకేం లేదు మామా. ఒక్కటి కొట్టిండు, లోపలికి పోయిండు. గంతే. దీపకు ఇప్పుడే చెప్పకు, గాబర పడ్తది.”

చెల్లెలి కొడుకు. నేను ఎత్తుకుని తిప్పిన పిల్లవాడు. నా బిడ్డ దీపనిచ్చి అల్లుణ్ణి చేసుకున్నవాడు. దేశానికి బండి నడిపేవాడి చెంప మీద చెయ్యి!

గ్రంథం తీశాను. తీస్తే నిండు కొలువు ఘట్టం దగ్గరే తెరుచుకుంది. ఆ పేజీ అంచులు నా బొటనవేలికి నల్లబడి ఉన్నాయి. కొలువులోకి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చిన ఆ తల్లి అడిగిన ప్రశ్నకు పెద్దలందరూ తలలు దించుకున్న చోటు. పదో తరగతి దాటని నేను మగ్గం గుంటలో కూర్చుని ఈ ఘట్టం ఎన్నిసార్లు చదివానో. చదివినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

ఫిబ్రవరి 20

చెవిలో పొర చినిగిందని వాళ్ళ డాక్టరే చెప్పాడు. ఎట్లా చినిగింది అంటే, బాత్రూంలో జారి నల్లాకు కొట్టుకున్నాడని యూనిట్ విచారణలో తేలిందట. విచారణ చేసింది ఆ మేజర్‌తో రోజూ కలిసి భోంచేసే ఆఫీసరే. పక్కనున్న జవాన్లు ఏమీ చూడలేదన్నారు.

దీపకు తెలిసిపోయింది. నాకు ముందే తెలిసీ చెప్పలేదని మూడు రోజులుగా నాతో మాటల్లేవు.

జూన్ 9, ఆదివారం

దీప కోపం మరిచి, నా ముందు కూర్చుని వివరంగా చెప్పింది. నాకు అర్థమయ్యేదాకా చెప్పింది.

“ఫౌజుల కంప్లైంట్ ఇస్తే అది సీద పైకి పోదు బాపు. ఎవల మీద ఇచ్చినమో వాళ్ళ టేబుల్ మీదికెళ్ళే పోవాలె. ఆయన దాని మీద తన మాట రాస్తడు. ఆయన పై ఆయన ఇంకో మాట రాస్తడు. అందరొక్కటే.”

“బయటోళ్ళు ఎవలు ఇనరా?”

“ట్రిబ్యునల్ అని ఉన్నదట. అండ్ల జడ్జి ఉంటడు. కాని ముందుగాల ఈ మెట్లన్ని ఎక్కి దిగాలె. అప్పటిదాక మా ఆయనను ఆ మేజర్ కిందనే ఉంచుతరు.”

కొట్టినవాడి ఇంట్లోనే పంచాయితీ. కొలువులో కూర్చున్న పెద్దలందరూ ఒకే రాజు ఉప్పు తిన్నవాళ్ళు, ఇక ఆ తల్లికి జవాబెవరు చెబుతారు? ఇది వేదిక మీద చెప్పదగిన మాట. గుర్తు పెట్టుకోవాలి.

సెప్టెంబర్ 11, బుధవారం

ఈ రోజు గణపతి మండపంలో నా ప్రవచనం. నిండు కొలువు ఘట్టం. ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను కానీ జనం ఇట్లా కదలడం నేను చూడలేదు.

పెద్దలు తలలు దించుకున్న చోట ఆపి, పిట్టకథ ఎత్తుకున్నాను. పేరు చెప్పలేదు. ఊరు చెప్పలేదు. ‘మన ఓరుగల్లు బిడ్డ ఒకడు, కొండల్లో బండి తోలే జవాను’ అన్నాను, అంతే. బ్రేకుల సంగతి చెప్పాను. దెబ్బ సంగతి చెప్పాను. ముందు వరుసలో రాజక్క కొంగు నోట్లో కుక్కుకుంది. పూలమ్మే మనిషి, మా వాడకట్టులో ఎవరికీ బెదరని మనిషి, ఏడ్చింది. అప్పుడు నా గొంతులోకి ఎక్కడినుంచి వచ్చిందో ఆ వేగం వచ్చింది. కిందపడిన బిడ్డను బూట్లతో తన్నాడన్నాను. పెళ్ళినాడు మామ చేత్తో వేసిన తులసిమాలను తెంపి, పూసలన్నీ బూటు కింద నలిపాడన్నాను.

మండపం మొత్తం లేచి నిలబడింది. కమిటీలోని భాస్కర్ సేటు కళ్ళు తుడుచుకుంటూ నా భుజాల మీద శాలువా వేశాడు.

కథకు కొంచెం రసం పట్టాలి. పొడి పొడి మాట ఎవరి చెవిన పడుతుంది?

సెప్టెంబర్ 14

భాస్కర్ సేటు బట్టల దుకాణం చూసుకుంటూనే మండపం యూట్యూబ్ నడుపుతాడు. పిట్టకథ ముక్క ఒక్కటే కోసి పెట్టాడట. “గురువుగారు, మీ పాత వీడియోలన్ని కలిపినా గింతమంది చూడలే” అన్నాడు. పరకాల నుంచి ఎవరో ఫోన్ చేసి, ‘ఆ జవాను గురువుగారి చెల్లె కొడుకేనా’ అని అడిగారట. భాస్కర్ అవునన్నాడట.

హరికృష్ణ ఫోన్ చేశాడు.

“మామా, బూట్లెక్కడియి?”

“అది పిట్టకథరా అల్లుడా. నీ పేరన్న తీసిన్నా?”

“యూనిట్ మొత్తం చూసిండ్రు. బయటికి ఎందుకు చెప్పినవని నన్ను నిలబెట్టిండ్రు. నేను ఒక్క దెబ్బ అని రాసిన మామా. నువ్వు ఏందేందో జెప్పినవ్. ఇప్పుడు నేను రాసింది అబద్ధమా, నువ్వు చెప్పింది అబద్ధమా అంటాండ్రు.”

“ధర్మం కోసం చెప్పిన.”

ఫోన్ కట్టయింది. నెట్‌వర్క్ పోయి ఉంటుంది.

వీడియో తీసెయ్యమని భాస్కర్‌తో చెప్పాలనుకున్నాను. రేపు చెబుతాను.

సెప్టెంబర్ 15

ఈ రోజు నిమజ్జనం పనుల్లో భాస్కర్ దొరకలేదు.

అక్టోబర్ 2

తీసేస్తే అనుమానం ఇంకా పెరుగుతుంది. ఉండనీ.

2025 మార్చి 12, బుధవారం

దీప పరుగెత్తుకుంటూ వచ్చి వాళ్ళమ్మను పట్టుకుని గిర్రున తిప్పింది. ట్రిబ్యునల్ హరికృష్ణ మాట విన్నది. యూనిట్ విచారణను పక్కన పెట్టి, ఆ మేజర్‌తో గాని, ఆ కమాండ్‌తో గాని సంబంధం లేని ఆఫీసరు మళ్ళీ మొదటి నుంచి విచారించాలన్నదట. బయట ఎవరికైనా ఏమైనా తెలిస్తే వాళ్ళ మాట కూడా వినాలన్నదట.

బయట తెలిసింది నాకే. దెబ్బ తిన్న పూటే హరికృష్ణ నాకు ఫోన్ చేశాడు. అప్పటికి కంప్లైంటు ఆలోచన కూడా లేదు. వకీలు అన్నాడట: మీ మామ ఆ రోజు విన్న మాట విన్నట్టు చెబితే చాలు, దానికి తిరుగులేదు. చెప్పకపోతే హరికృష్ణ మీదే అబద్ధం ఆడిన నేరం మోపి ఇంటికి పంపుతారు.

కొలువులో చివరికి ఒకడు లేచి మాట్లాడతాడు కదా. ఆ ఒకడు నేనే కావాలి.

జూన్ 17

రేపు హన్మకొండ గెస్ట్‌హౌస్‌లో. బయటి నుంచి వచ్చిన ఆఫీసరు ఒక ఆడ కల్నల్. హరికృష్ణ కూడా వచ్చాడు. ఎడమ దిక్కు నుంచి పిలిస్తే తిరగడం లేదు.

భాస్కర్ సేటు బండి పెట్టించాడు. ఎలాగూ వీడియో పెట్టినవాడని తననూ రమ్మన్నారట. కమిటీ వాళ్ళు నలుగురు కూడా వస్తారట. ‘గురువుగారి సాక్ష్యం కదా’ అని పూలదండ కూడా తెస్తారట.

నా భార్య వరలక్ష్మి వక్క కత్తిరిస్తూ అంది. “సాక్ష్యానికి పోతానవా, సన్మానానికి పోతానవా?”

జూన్ 18, బుధవారం

హన్మకొండ వెళ్ళి వచ్చాను. అడిగినవాటికి జవాబు చెప్పాను.

జూన్ 19

నేను అన్నది పూర్తిగా అబద్ధమని చెప్పలేం. హరికృష్ణ ఆ రోజు గాబరాలో ఉన్నాడు. తనకు గుర్తులేని దెబ్బలు కూడా తగిలి ఉండవచ్చు. ఒక దెబ్బ కొట్టినవాడు రెండోది కొట్టడా? నేను అన్నది జరగలేదని ఎవరికి తెలుసు?

గ్రంథంలోనూ ఉంది. యుద్ధంలో, ధర్మం గెలవడం కోసం, ఏనుగు పేరు చెప్పి ఒక మాట అన్నారు.

జూన్ 20

ఆ మాట అన్నందుకు, అప్పటిదాకా నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున నడిచిన రథం నేల మీదికి దిగింది. ఆ ముక్క నిన్న రాయలేదు. నాకు తెలియక కాదు.

జూన్ 22, ఆదివారం

రాసుకోవాలి. ఇంకెవరికీ చెప్పలేను కాబట్టి ఇక్కడైనా జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

చిన్న గది. బల్లకు అటు కల్నల్ మేడం, నడివయసు మనిషి, నగలేవీ లేవు. పక్కన తెలుగు చెప్పే జవాను. ఇటు హరికృష్ణ. గోడవైపు కుర్చీలో భాస్కర్ సేటు. ఆయన వంతు అయిపోయింది, వీడియో తనే పెట్టానని చెప్పేశాడు. వెళ్ళకుండా నా కోసం కూర్చున్నాడు. ఒళ్ళో పూలదండ.

మేడం సెల్లులో నన్నే నాకు చూపించింది. బూట్లు. మాల. మండపం లేచి నిలబడటం. ఆ చిన్న తెర మీద నేను చేతులు ఊపుతుంటే కోతిలా ఉన్నాను.

జవాను తెలుగులో అడిగాడు. “సార్, ఆ రోజు ఫోన్ల మీ అల్లుడు ఏం జెప్పిండో అదే చెప్పుండ్రి. వీడియోల ఉన్నది ఆయన జెప్పిందేనా, మీరు కలిపిండ్రా?”

ఇంతకంటే తేలిక ప్రశ్న ఉంటుందా? ‘నేను కలిపిన’ అంటే అయిపోయేది. రెండు మాటలు. నోరు తెరిచాను. భాస్కర్ మెడ ముందుకు చాచి చూస్తున్నాడు. అతని కళ్ళల్లో ఆ రోజు శాలువా వేసినప్పటి తడే ఉంది.

“ఆయన జెప్పిందే” అన్నాను.

హరికృష్ణ తల తిప్పలేదు. నేను అతనికి ఎడమ పక్కన ఉన్నాను. జవాను హిందీలోకి మార్చి మేడంకు చెప్పాక తిరిగాడు. నన్ను చూశాడు. చిన్నప్పుడు చెరువులో కాలు జారినప్పుడు నన్ను చూసినట్టు చూశాడు. అప్పుడు నేను దూకాను.

మేడం హరికృష్ణను హిందీలో అడిగింది: మాల తెంపాడా? హరికృష్ణ అంగీ పైగుండీ తీశాడు. లోపల మాల ఉంది. తెగలేదు. ఒక్క పూస రాలలేదు.

అక్కడ కూడా ఆగలేదు నేను. “తర్వాత కొత్తది కొనుక్కున్నడేమో” అన్నాను.

“నహీఁ మేడం” అన్నాడు హరికృష్ణ. “షాదీ మే మామా నే హీ దియా.” పెళ్ళిలో మామే ఇచ్చాడని.

మా మగ్గం మీద మిగిలిన ఆకుపచ్చ నూలుతో నేనే గుచ్చిన మాల. చివర నా ముడి. ఆ ముడి నాకు కనిపిస్తూనే ఉంది.

మేడం నన్ను చూసింది. కోపంగా కాదు. అలసిపోయినట్టు. ఈ ఒక్క మాట వినడానికి అంత దూరం నుంచి వచ్చింది పాపం.

బయటికొచ్చాక భాస్కర్ దండ వేశాడు. వేయించుకున్నాను.

జూన్ 24

ఇరవై ఏళ్ళు ఆ పెద్దల్ని తిట్టాను. వాళ్ళు ఊరుకున్నారు, అంతే. నేను ఊరుకోనైనా ఊరుకోలేదు.

జులై 13, ఆదివారం

దీప పరకాలకు, అత్తగారింటికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు వాకిట్లో నిలబడి అన్నది, అరవకుండా.

“ఆ మేజర్ ఒక చెవే పోగొట్టిండు బాపు. నువ్వు ఆయన మాట పోగొట్టినవ్.”

వకీలు చెప్పాడట. విచారణ ఇంకా ముగియలేదు గాని అటు మొగ్గింది. సాక్షి చెప్పిందీ ఫిర్యాదీ చెప్పిందీ కలవడం లేదు, ఇద్దరిలో ఒకరు అబద్ధం, ఫిర్యాదే అబద్ధమేమో అని మేజర్ తరఫు వాళ్ళు వీడియో పట్టుకుని వాదిస్తున్నారు. సాక్షి తన మాట మార్చుకోవాలనుకుంటే ఇంకా సమయం ఉందట.

“మార్చుకుంటే మల్ల ఇంకోసారి అబద్ధమాడినట్టే గదా” అన్నాను వరలక్ష్మితో.

“ఎన్నోసారో లెక్క నీకే తెల్వాలె” అని పొయ్యి దగ్గరికి పోయింది.

ఆగస్టు 3

మాట మార్చాలంటే మేడం ముందు మారిస్తే చాలు. అక్కడ ఎవరూ ఉండరు. కానీ వీడియో అట్లాగే ఉంటుంది. మేడం దగ్గర ఒకటి చెప్పి, మండపంలో ఇంకొకటి నిలబెట్టుకుంటే నన్ను ఎవరు నమ్ముతారు? ఎక్కడ కలిపానో అక్కడే తియ్యాలి.

తెలుసు. నాలుగు రోజుల నుంచి తెలుసు. కాళ్ళు పోవడం లేదు.

ఆగస్టు 12

మండపం కమిటీ ఈసారి ఘట్టం మార్చమంటారేమోనని చూశాను. మార్చమనలేదు. “అదే పెట్టుండ్రి గురువుగారు, ఆ పిట్టకథ కూడ మల్ల పెట్టుండ్రి. జనం అడుగుతాండ్రు” అన్నాడు భాస్కర్.

ఆగస్టు 31, ఆదివారం

పోయిన ఏటి కంటే జనం ఎక్కువ. రాజక్క అదే ముందు వరుసలో. కొంగు ముందే సిద్ధం చేసుకుంది.

పెద్దలు తలలు దించుకున్న చోటికి వచ్చాను. గ్రంథం మూశాను.

“పోయినేడు ఇదే చోట ఒక పిట్టకథ జెప్పిన” అన్నాను. “ఆ జవాను నా అల్లుడు, హరికృష్ణ. ఆయనను కొట్టింది నిజం. ఒక్క దెబ్బ. బూట్లతోని తన్నుడు లేదు. మాల తెంపుడు లేదు. అవి నేను కలిపిన. విచారణల అడిగితే అవి కూడ ఆయనే జెప్పిండని అన్న. నా పరువు కోసం నా అల్లుణ్ణి అబద్ధాలకోరును జేసిన.”

భాస్కర్ పరుగెత్తుకొచ్చాడు. “గురువుగారు, హారతి టైం అయితాంది, గివన్ని ఇప్పుడెందుకు…” అని మైకు ఆపేశాడు.

ఇరవై ఏళ్ళుగా నా గొంతు మైకుదే. అది పోగానే నా మాట రెండు వరుసలు కూడా దాటలేదు. అయినా చెప్పాను. వెనకవాళ్ళు “ఏమంటాండు? ఏమంటాండు?” అని అడుగుతుంటే ముందువాళ్ళు వెనక్కి తిరిగి చెబుతున్నారు.

“అబద్ధమాడిన్నంటాండు.”

“ఎవలు?”

“ఆయననే. గురువు.”

నా మాట వరుస వరుసకూ వెనక్కి పోవడం వేదిక మీద నిలబడి విన్నాను. చివరి వరుస దాకా చేరాక ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు.

సెప్టెంబర్ 1

పొద్దున కాశిబుగ్గ చౌరస్తాలో రాజక్క ఆపింది. బుట్టలో చామంతులు. బండ్లు ఆగి చూస్తున్నాయి.

“ఓ కట్టయ్యన్నా, పోయినేడు నేను ఏడిస్తి గదనే. రెండు రోజులు బువ్వ తిన్లే. మా ఏడుపు మాకు వాపసిస్తవా?”

“ఇయ్యలేనక్కా.”

“మరి ఎందుకు తీసుకున్నవ్?”

ఆమె రెండు చామంతులు తీసి నా చేతిలో పెట్టింది. “పో, మీ దేవునికి పెట్టు. నీకు గాదు.”

సెప్టెంబర్ 6

భాస్కర్ వీడియో తీసేశాడు. నిన్నటి ప్రవచనానికి వేరే ఆయన్ని పిలిచారు. మంచి గొంతు. ఇంటి దాకా వినిపించింది.

సెప్టెంబర్ 22, సోమవారం

ఈ రోజు మళ్ళీ హన్మకొండ. నేనే అడుక్కున్నాను. మేడం ఒప్పుకుందట.

ఈసారి బండి లేదు, దండ లేదు. గదిలో మేడం, తెలుగు చెప్పే జవాను, హరికృష్ణ. ఆ జవాను ప్రశ్నలు మళ్ళీ మొదటి నుంచి అడిగాడు.

“బూట్లు?”

“లేవు.”

“మాల?”

“తెగలే.”

“మరి ఫోన్ల ఏం జెప్పిండు?”

“ఒక్కటి కొట్టిండు, లోపలికి పోయిండు. గంతే.”

నా నోటితో ఆ ‘గంతే’ అన్నప్పుడు తెలిసింది. ఎంత చిన్న మాట. పోయినేడు ఫిబ్రవరిలో అతను నాకిచ్చింది అంతే. దాన్ని ఉన్నదున్నట్టు దాచిపెట్టడం నా చేత కాలేదు.

మేడం జవానుతో ఏదో అంది. అతను నాకు చెప్పేముందు కాస్త తడబడ్డాడు. “సార్, మేడం అంటాంది… ఇది నిజమనే ఆమెకు అనిపిస్తాందట. కాని రెండు తీర్ల చెప్పిన మనిషి మాటకు ఎంత విలువ ఇయ్యాల్నో పైవాళ్ళు చూస్తరట. మొదటిసారే చెప్పి ఉంటే బాగుండేదంటాంది.”

తల దించుకున్నాను. కొలువులో పెద్దలు ఎట్లా దించుకుంటారో ఇరవై ఏళ్ళు అభినయించి చూపించాను. అట్లా కాదు. మెడ దానంతట అదే ఒరుగుతుంది.

బయట ఆటో ఆపాను. హరికృష్ణ ముందు ఎక్కి, అటు జరిగి నాకు చోటిచ్చాడు. ఎక్కి కూర్చున్నాను. హన్మకొండ దాటక ముందే మొదలుపెట్టాను. తప్పయిందన్నాను. భాస్కర్ మొహం చూసి నోరు తిరగలేదన్నాను. నీ మెడలో మాల చూసి కూడా ఆగలేదు చూడు, అది ఇంకా పెద్ద తప్పన్నాను. దీపను తీసుకురా, ఆమె కాళ్ళు పట్టుకుంటానన్నాను. గ్రంథంలోంచి ఒక్క మాట తేలేదు, అంతా నా మాటలే. ఇంత బాగా నేను ఎన్నడూ మాట్లాడలేదు. అతను ముందుకు చూస్తూ కూర్చున్నాడు. విని మెత్తబడుతున్నాడనుకున్నాను.

కాశిబుగ్గలో దిగాక చూసుకున్నాను. దారి పొడుగునా నేను అతనికి ఎడమ పక్కన కూర్చున్నాను.

కావాలని ఆ పక్క ఇచ్చాడో, మామూలుగా జరిగాడో తెలియదు. అడగలేదు. ఆటో శబ్దంలో ఒక్క మాటైనా చేరి ఉంటుందా అనీ అడగలేదు.

“లోపలికి రా అల్లుడా, బువ్వ తిని పో” అన్నాను. కుడి పక్కకు వచ్చి నిలబడి అన్నాను.

“ఇనవడ్డది మామా” అన్నాడు. వచ్చి, చెప్పులు విప్పి, వాకిట్లో కాళ్ళు కడుక్కున్నాడు.